పెరటి గదుల నేల గురించి మనవలకు ఉత్తరం

చిరంజీవులైన నా మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

పెరటివైపు కట్టబోయే రెండు గదులకు, వసారాకు ఎలాంటి నేల వేయించాలో చెప్పమని మీ నాన్న నన్ను అడిగిన మర్నాడే, మీరు ఫోనులో చెక్కనేల ఫొటో ఒకటి పంపి "ఇలాంటిది వేయిద్దాం తాతయ్యా" అని రాశారు. ఆ నేల చూడడానికి అందంగానే ఉంది. అది మన కోనసీమలో ఎందుకు నిలవదో, ఇక్కడ ఏది నిలుస్తుందో కారణాలతో చెబితే తప్ప మీకు తృప్తి కలగదని తెలుసు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక పని చేసి చూడండి. మధ్యాహ్నం వేళ ఒక పాదం చెక్కపీట మీద, ఇంకొకటి బండ మీద పెట్టి నిలబడండి. రెండూ ఒకే గదిలో ఉన్నవే, రెండింటి ఉష్ణోగ్రతా ఇంచుమించు ఒకటే, అయినా బండే చల్లగా తోస్తుంది. అరికాలికంటే నేల కాస్త చల్లగా ఉన్నంతసేపు రాయి మన వేడిని త్వరగా లాక్కుంటుంది. చెక్క అలా లాక్కోలేదు. దానికి తోడు కింది అంతస్తు గదిలో బండ కింద మట్టి ఉంటుంది, ఆ మట్టి ఒక్క పూట ఎండకు వేడెక్కేది కాదు. వేసవి మధ్యాహ్నాల్లో మా పెద్దలు చాప కూడా లేకుండా గచ్చు మీద నడుం వాల్చేవారంటే కారణం ఇదే.

అయితే ఆ చల్లదనంతోపాటే ఒక చిక్కు కూడా వస్తుంది. గాలి 32 డిగ్రీల వేడితో, 75 శాతం తేమతో ఉన్నప్పుడు, దాదాపు 27 డిగ్రీలకంటే చల్లగా ఉన్న దేనిని తాకినా అందులోని ఆవిరి నీటి బొట్లుగా మారుతుంది. చల్లటి నీళ్లు పోసిన చెంబు పైన చెమర్చినట్టే, ముసురు పట్టిన రోజుల్లో మన హాలు నేల కూడా చెమరుస్తుంది. అప్పుడు తడిగుడ్డ పెట్టి ఎంత తుడిచినా లాభం లేదు. తలుపులు కాసేపు మూసి, ఫ్యాను వేసి, నేల వెచ్చబడే దాకా ఆగాలి.

కిందినుంచి వచ్చే నెమ్ము వేరు. మనది గోదావరి పాయల మధ్య ఉన్న ఊరు, చుట్టూ కాలువలు, చేలు. కొంచెం తవ్వితే నీళ్లు పడతాయి. ఆ నీరు మట్టి సందుల గుండా, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు, పైకి ఎగబాకి బండల దర్జుల దగ్గర, అంటే అతుకుల దగ్గర, తెల్లటి ఉప్పుగా తేలుతుంది, గోడ అడుగున సున్నాన్ని రాలుస్తుంది. ఈ రెండింటిలో ఏది మన ఇంటి జబ్బో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. మూరెడు పాలిథిన్ కాగితాన్ని నేల మీద పరచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. కాగితం పైన తడి ఉంటే అది గాలిలోంచి వచ్చింది, అడుగున ఉంటే భూమిలోంచి వచ్చింది. సెలవులకు వచ్చినప్పుడు పాత గదుల్లో మీ చేతులతోనే ఈ పరీక్ష చేద్దురుగాని.

భూమిలోంచి వచ్చే నెమ్ముకు మందు కట్టేటప్పుడే వేయాలి. బేస్‌మెంటు ఎత్తుగా లేపి, ఇసుక నింపి, నీళ్లు పెట్టి గట్టిపడేలా బాగా దిమ్మిస కొట్టి, మందపాటి పాలిథిన్ షీటు పరచి, దాని మీద కాంక్రీటు వేసి, గోడలకు నెమ్ము ఎక్కకుండా అడ్డుపొర కూడా వేయించాలి. పై బండల ఖరీదు చూసి బెంగపడేవారు ఈ పని దగ్గర పొదుపు చేయడం నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. బండలు పరిచిన తర్వాత దీన్ని సరిచేయాలంటే నేలంతా తవ్వాల్సిందే. మీ నాన్నతో ముందుగా ఈ మాటే చెప్పండి.

ఇక చెక్క సంగతి. అది వానాకాలం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం ఆరి కుంచించుకుపోతుంది. ఏటేటా ఇలా జరిగితే పలకల అంచులు లేస్తాయి, చెదల భయం సరేసరి. మీరు పంపిన ఫొటోలోలాంటివి చాలావరకు చెక్కపొడిని అదిమి చేసిన పలకలు. అడుగుకు నీరు చేరితే అవి మళ్లీ మొదటి ఆకారానికి రావు. హైదరాబాదులో నాలుగో అంతస్తు ఇంట్లో అవి చక్కగా ఉండవచ్చు, ఎందుకంటే అక్కడి గాలి పొడి, కింద మట్టి లేదు.

గదులకు నేను నాపరాయి వేయించమంటాను. తాండూరు బండలు కానీ బేతంచర్ల బండలు కానీ తెప్పించుకోవచ్చు. కాలికి హాయిగా ఉంటాయి, అరిగితే మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు. అయితే ఇవి సున్నపురాళ్లు, పులుపు వీటికి పడదు. మీ మామ్మ ఏటా ఆవకాయ ముక్కలు కొట్టించే చోట బండ మెరుపు పోయి తెల్లగా మచ్చలు పడ్డాయి కదా, అవి పచ్చిమామిడి రసం చేసిన పని. బాత్‌రూములు కడిగే యాసిడ్ చుక్క పడితే ఇంకా ఎక్కువ తినేస్తుంది. అందుకే వంటింటికి గ్రానైటు మేలు. దానికి పులుపు అంటదు.

ఎర్ర గచ్చు నాకు ప్రాణం. దర్జుల్లేకుండా నున్నగా, ఏళ్లు గడిచే కొద్దీ నిగ్గుదేరే నేల అది. కానీ మనది ఒండ్రు నేల, కొత్తగా నింపిన బేస్‌మెంటు ఏ కాస్త కుంగినా గచ్చు పగులుతుంది, ఆ పగులును కనబడకుండా అతకగల మేస్త్రీలు ఇప్పుడు మన చుట్టుపక్కల అరుదు. అందువల్ల మనసు చంపుకుని వద్దంటున్నాను.

విట్రిఫైడ్ టైల్స్ 0.5 శాతానికి మించి నీరు పీల్చవు, కాబట్టి నెమ్ము ప్రాంతాలకు అవి పనికివచ్చేవే. కానీ మెరిసే రకం తడిస్తే జారుతుంది. మన పాత వసారాలో అలాంటివి వేయించిన మొదటి వానాకాలంలోనే మీ మామ్మ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ ఎంపిక నాది, ఆ సంగతి నేను మరచిపోలేదు. అందుకే కొత్త వసారాకు పాలిష్ పట్టని గరుకు బండలే పరిపించి, నీళ్లు బయటికి పోయేలా వాటం ఇప్పించాలి. బాత్‌రూములకు గరుకు టైల్స్ చాలు, వాటి మధ్య సన్నని ఖాళీలు వదలమని చెప్పాలి. ఖాళీ లేకుండా బిగించినవి ఉబ్బి లేచిపోతాయి. పెరట్లో ఎండ పడే చోట నల్ల కడప బండలు వద్దు, వైశాఖంలో వాటి మీద ఒట్టి కాలు పెట్టలేరు.

బండలు కొనడానికి నేను ఒక్కణ్నే వెళ్లను. మీరు వచ్చాక అందరం కలిసి వెళ్దాం. ఒక నిమ్మకాయా, సీసాడు నీళ్లూ వెంట తీసుకుని, నచ్చిన ప్రతి రకంలో ఒక ముక్క అడిగి, రసం పిండి, నీళ్లు పోసి, కాలితో రాసి చూసి తెచ్చుకుందాం.

ఇట్లు,
మీ తాతయ్య