‘అమెరికా మెక్రాన్’ ఎక్కడ? విదేశీ వార్తల డెస్కు నుంచి అపోహలు - వాస్తవాలు

రాత్రి పదిన్నర. జిల్లా ఎడిషన్లు వెళ్లిపోయాయి, నగర ఎడిషన్‌కు ఇంకా గంట ఉంది. విదేశీ పేజీలో మూడు కాలమ్‌ల చోటు మిగిలింది. సరిగ్గా అప్పుడే ఏజెన్సీ నుంచి ఒక విశ్లేషణ దిగుతుంది. అమెరికాలో ఒక కుర్ర మేయరో, కోట్లకు పడగలెత్తిన వ్యాపారో అధ్యక్ష పదవి మీద కన్నేశాడని దాని సారాంశం. రెండో పేరాలో ‘అమెరికా మెక్రాన్’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. ఫ్రాన్సులో కొత్త పార్టీ పెట్టి అధ్యక్షుడైన ఇమ్మాన్యుయేల్ మెక్రాన్ లాంటివాడని దాని అర్థం. రెండే పదాలు, మూడు కాలమ్‌లలో ఇట్టే ఇమిడిపోతాయి. శీర్షిక పెట్టి పేజీ పంపేస్తాం.

ఇరవై ఏళ్లకు దగ్గరగా ఈ పని చేస్తున్నాను. ఆ శీర్షిక నేనూ పెట్టాను, అదీ ఒకసారి కాదు. కాబట్టి ఈ పోలిక చుట్టూ పాఠకుల్లోనూ మాలోనూ పాతుకుపోయిన అపోహలను విప్పే బాధ్యతలో నా వాటా కొంత ఉంది.

అపోహ: మెక్రాన్ లాంటి మనిషి దొరికితే చాలు, అమెరికాలోనూ కొత్త పార్టీ గెలుస్తుంది

వాస్తవం: మనిషి సంగతి తర్వాత. ముందు ఓట్లు లెక్కించే పద్ధతి చూడాలి.

మెక్రాన్ 2016 ఏప్రిల్ 6న తన సొంత ఊరు అమియాఁలో ‘ఆన్ మార్ష్’ ఉద్యమాన్ని ప్రారంభించారు. 2017 మే 7న అధ్యక్షుడిగా గెలిచారు. నడుమ గడిచింది పదమూడు నెలలు. ఇంతవరకు అందరికీ గుర్తుంటుంది. ఫ్రాన్సులో మొదటి రౌండులో ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే, ముందున్న ఇద్దరి మధ్య రెండో రౌండు జరుగుతుంది. ఆ మొదటి రౌండు అంకెలు మాత్రం ఎవరికీ గుర్తుండవు. మెక్రాన్‌కు 24.01 శాతం, అతి మితవాది మరీన్ లె పెన్‌కు 21.3, మితవాది ఫియోఁకు 20.01, వామపక్షవాది మెలాంషోఁకు 19.58. అంటే ఆ ఏప్రిల్ ఆదివారం నూటికి డెబ్బై ఆరుగురు ఆయనను కాదని మరొకరికి వేశారు. నలుగురూ కూతవేటు దూరంలో ఉన్నారు. రెండు వారాల తర్వాత ఎదురుగా లె పెన్ ఒక్కరే మిగిలేసరికి ఆ 24 కాస్తా 66.1 అయింది. అందులో మెక్రాన్ మీద మోజు ఎంత, లె పెన్ అంటే భయం ఎంత అన్నది ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

పైగా కాలం కలిసొచ్చింది. పదవిలో ఉన్న సోషలిస్టు అధ్యక్షుడు ఒలాంద్ మళ్లీ పోటీ చేయనని 2016 డిసెంబరులోనే చెప్పేశారు. గెలుపు గుర్రం అనుకున్న ఫియోఁ, భార్యకు ఉత్తుత్తి ఉద్యోగం ఇప్పించారన్న ఆరోపణలతో జనవరిలో కుదేలయ్యారు. సోషలిస్టు అభ్యర్థికి 6.36 శాతమే వచ్చింది. పాత ఇళ్లు రెండూ ఒకేసారి కూలుతున్నప్పుడు మెక్రాన్ తలుపు తట్టారు.

ఇప్పుడు అమెరికాకు రండి. 1992లో టెక్సస్ వ్యాపారి రాస్ పెరో స్వతంత్రుడిగా నిలబడి 18.9 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు ఆయనకు వేశారన్న మాట. దక్కిన ఎలక్టోరల్ ఓట్లు, అంటే రాష్ట్రాలవారీగా అధ్యక్షుడిని తేల్చే ఓట్లు, సున్నా. అంతకు ముందు 1968లో జార్జి వాలెస్‌కు 13.5 శాతమే వచ్చాయి, కానీ 46 ఎలక్టోరల్ ఓట్లు దక్కాయి. తక్కువ ఓట్లకు ఎక్కువ ఫలం ఎలా వచ్చింది? వాలెస్ ఓట్లు దక్షిణాదిలో కుప్పపడ్డాయి, పెరో ఓట్లు దేశమంతా చల్లినట్టు పడ్డాయి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగిలిన 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఆధిక్యం ఉన్నవాడికే రాష్ట్రం మొత్తం పోతుంది. మెక్రాన్ లాంటి, కుడి ఎడమల నడుమ నిలిచే మధ్యేవాదికి ఇదే శాపం. ఆయనను మెచ్చుకునేవాళ్లు ప్రతి ఊళ్లో కొందరు ఉంటారు, ఏ ఊళ్లోనూ మెజారిటీ కారు.

ఒకవేళ మూడో మనిషి నాలుగైదు రాష్ట్రాలు గెలిచి ఎవరికీ గెలుపుకు కావలసిన 270 ఎలక్టోరల్ ఓట్లు రాకుండా చేసినా ఒరిగేదేమీ లేదు. అప్పుడు నిర్ణయం ప్రతినిధుల సభకు వెళ్తుంది. అక్కడ రాష్ట్రానికి ఒక్కటే ఓటు, ఆ సభ నిండా ఉన్నది రెండు పాత పార్టీలవాళ్లే.

ఈ మాట చెప్పినప్పుడల్లా మా డెస్కులో పెద్దవాళ్లు ఒకటే ప్రశ్న వేస్తారు: మన దగ్గర రెండు రౌండ్లు లేవు, మరి ఎన్టీఆర్ తొమ్మిది నెలల్లో ఎలా గెలిచారు? మంచి ప్రశ్న. 1982 మార్చిలో పెట్టిన పార్టీ 1983 జనవరిలో అధికారంలోకి వచ్చింది. కానీ తెలుగుదేశానికి గెలవవలసిన లోకం ఒక్క రాష్ట్రం. ఆ రాష్ట్రంలో కాంగ్రెస్‌కు దీటైన రెండో పార్టీ అప్పటికి లేదు, ఆ కుర్చీ ఖాళీగా ఉంది. అమెరికాలో రెండు కుర్చీలూ నిండి ఉన్నాయి. మూడోది వేయడానికి యాభై రాష్ట్రాల్లో యాభై రకాల నిబంధనలు దాటుకుని బ్యాలట్ మీదికి ఎక్కాలి. ఫ్రాన్సులో ఎన్నికైన ప్రజాప్రతినిధులు అయిదు వందల మంది సంతకాలు పెడితే అభ్యర్థిత్వం ఖాయం. 2024 ఏప్రిల్‌లో ‘నో లేబుల్స్’ అనే మధ్యేవాద సంస్థ, తమ తరఫున నిలబడే అభ్యర్థి దొరకలేదని చేతులెత్తేసింది.

అపోహ: పీట్ బుటిజెజ్ అచ్చు మెక్రానే

వాస్తవం: 2020 ఎన్నికలకు డెమోక్రటిక్ పార్టీ టికెట్ కోసం పోటీపడిన బుటిజెజ్‌కూ మెక్రాన్‌కూ పోలికలు లేకపోలేదు. ముందుగా ఒక విన్నపం: ఆ పేరును ఇంగ్లిషు అక్షరాలను బట్టి పలికి మేము ఎన్ని విధాలుగా ఖూనీ చేశామో, 2019 నాటి పాత సంచికలు తిరగేసేవాళ్లు క్షమించాలి.

ఇద్దరూ నలభై దాటకుండానే అధ్యక్ష పదవికి పోటీపడ్డారు. ఇద్దరూ పేరున్న చదువులు చదివారు. మెక్రాన్ రోత్‌షీల్డ్ బ్యాంకులో, బుటిజెజ్ మెకిన్సీ కన్సల్టింగ్ సంస్థలో పనిచేశారు. ఇద్దరూ పియానో వాయిస్తారు. 2019లో నోత్ర్ దామ్ చర్చి తగలబడినప్పుడు బుటిజెజ్ ఫ్రెంచి టీవీతో ఫ్రెంచిలోనే మాట్లాడారు. ఇంకేం, విశ్లేషకులకు పండగే.

అసలు తేడా ఒక్క తేదీలో కనిపిస్తుంది. 2017 ఫిబ్రవరిలో మెక్రాన్ తాను మంత్రిగా పనిచేసిన సోషలిస్టుల ఓటు బ్యాంకును చీల్చే పనిలో ఉన్నారు. అదే నెలలో బుటిజెజ్ డెమోక్రటిక్ పార్టీ జాతీయ కమిటీ అధ్యక్ష పదవికి పోటీలో ఉన్నారు. ఒకరు ఇల్లు విడిచి బయట కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు, రెండోవారు అదే ఇంటి పెద్దరికం అడుగుతున్నారు. ఇంకో తేడా: అధ్యక్షుడయ్యే వరకు మెక్రాన్ ఏ ఎన్నికలోనూ గెలవలేదు, అసలు పోటీయే చేయలేదు. బుటిజెజ్ సౌత్ బెండ్ నగరానికి రెండుసార్లు మేయరుగా గెలిచారు. లక్ష జనాభా ఉన్న ఊరు అని నవ్వేవాళ్లున్నారు. మురుగు కాలువ గురించి ఓటరు నిలదీస్తే జవాబు చెప్పుకున్న అనుభవం మెక్రాన్‌కు లేనిది, బుటిజెజ్‌కు ఉన్నది. 2018 చివర్లో ఇంధన పన్ను మీద పసుపు చొక్కాల ఉద్యమం పుట్టినప్పుడు ఆ లోటు ఎలాంటిదో ఫ్రాన్సు చూసింది.

2020 మార్చి 1న బుటిజెజ్ పోటీ నుంచి తప్పుకుని, మర్నాడే బైడెన్‌కు మద్దతు ప్రకటించారు. చాలా రాష్ట్రాల్లో ఒకేరోజు ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్, జరిగే సూపర్ ట్యూస్‌డేకు ఒక్క రోజు ముందు మధ్యేవాదుల ఓట్లు చాలావరకు ఒకచోట చేరాయి. గమనించారా, ఫ్రాన్సులో రెండు రౌండ్ల మధ్య దేశం ముందు జరిగే బేరం అమెరికాలో పార్టీ నాలుగు గోడల మధ్య, ప్రైమరీలోనే ముగిసిపోతుంది.

అపోహ: మెక్రాన్‌కు పూర్తి వ్యతిరేకం ట్రంప్

వాస్తవం: భావాల్లో నిజమే. దారిలో మాత్రం వీళ్లిద్దరే ఒకరికొకరు దగ్గర. నా మాట వింతగా అనిపించవచ్చు, కానీ చూడండి. ఇద్దరూ అంతకు ముందు ఏ ఎన్నికలోనూ గెలవనివారు. ఇద్దరూ పాత పార్టీల పెద్దలను దాటి ఏడాదిలోపు తేడాతో అధ్యక్షులయ్యారు. బయటి మనిషికి ఫ్రాన్సులో ఉన్న దారి కొత్త పార్టీ పెట్టడం. అమెరికాలో ఉన్న దారి పాత పార్టీలో చొరబడి గృహస్థుడినే బయటికి పంపడం. ట్రంప్ 2000 ఎన్నికలకు ముందు పెరో స్థాపించిన రిఫార్మ్ పార్టీ టికెట్ కోసం కొంతకాలం ప్రయత్నించి, లాభం లేదని వదిలేశారు. పదహారేళ్ల తర్వాత రిపబ్లికన్ ప్రైమరీ గుండా వచ్చారు. ఆ పాఠాన్ని ఆయన నేర్చుకున్నంత బాగా అమెరికా మధ్యేవాదులెవరూ నేర్చుకోలేదు.

అపోహ: మధ్యేవాది అంటే గోడమీద పిల్లి. మెక్రాన్ అమెరికాలో పుడితే డెమోక్రాట్ అయ్యేవారు

వాస్తవం: ఇక్కడ గోడ ఎక్కడుందన్నదే ప్రశ్న. ఫ్రాన్సులో ప్రభుత్వ వ్యయం జీడీపీలో 57 శాతం దాకా ఉంటుంది, అమెరికాలో నలభై లోపే. అందరికీ ఆరోగ్య బీమా ఉండాలా అన్నది అక్కడ చర్చే కాదు. మరణశిక్ష 1981లోనే పోయింది. ఈ కోణంలో చూస్తే ఫ్రెంచి మితవాదులు కూడా అమెరికా డెమోక్రాట్లకు ఎడమ వైపే తేలుతారు.

వెంటనే అటు తిప్పి చూడండి. మెక్రాన్ 2018లో సంపద పన్నును ఎత్తేసి, స్థిరాస్తుల వరకే పరిమితం చేశారు. అది లేని అమెరికాలో కొత్తగా తేవాలని 2019లో డెమోక్రాట్ సెనేటర్ ఎలిజబెత్ వారెన్ ప్రచారం చేశారు. 2023లో మెక్రాన్ పదవీ విరమణ వయసును 62 నుంచి 64కు పెంచితే లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. 1960లోనూ ఆ తర్వాతా పుట్టిన అమెరికన్లకు పూర్తి పింఛను 67కు గానీ రాదు. ప్రభుత్వ బడుల్లో అబాయా (ముస్లిం మహిళలు వేసుకునే పొడుగాటి అంగీ) ధరించరాదని 2023లో మెక్రాన్ ప్రభుత్వం ఆదేశించింది. ఆ మాట ఒక డెమోక్రాట్ అంటే సొంత పార్టీవాళ్లే ఊరుకోరు. గర్భస్రావ స్వేచ్ఛను 2024 మార్చిలో ఫ్రాన్సు రాజ్యాంగంలోకి ఎక్కించారు, కానీ గడువు 14 వారాలే. డెమోక్రాట్లు ఏలే చాలా రాష్ట్రాల్లో గడువు అంతకంటే ఎక్కువ. ఒక్కో అంశానికి ఆయన ఒక్కో చోట కూర్చుంటారు, డెమోక్రాట్ల బల్ల మీద ఒకే కుర్చీ దొరకదు.

మా పనిలో ఇంకో చిక్కుంది, అది తెలుగులో పుట్టింది. అమెరికాలో ‘లిబరల్’ అంటే ప్రభుత్వం పేదల కోసం ఖర్చు పెట్టాలనేవాడు. ఫ్రాన్సులో అదే మాటకు అర్థం మార్కెట్‌ను వదిలేయమనేవాడు, దాదాపు తిట్టు. మేము రెంటికీ ‘ఉదారవాది’ అని రాసేస్తాం. ఒకే పేజీలో అమెరికా సెనేటర్ బెర్నీ శాండర్స్ అభిమానులూ ఉదారవాదులే, వాళ్లు వినగానే మండిపడే విధానాలున్న మెక్రానూ ఉదారవాదే. ‘వామపక్షం’ మరీ ఘోరం. డెమోక్రటిక్ పార్టీలో వామపక్షం అని రాస్తే మన పాఠకుడి కళ్ల ముందు సుత్తీ కొడవలీ కదులుతాయి.

2017 ఎన్నికల రాత్రి సంగతి చెప్పాలి. లె పెన్‌ను అడ్డుకునేందుకు ఫ్రెంచి పార్టీలన్నీ కలవడాన్ని అక్కడ ‘రిపబ్లికన్ ఫ్రంట్’ అంటారు. గణతంత్రాన్ని కాపాడే కూటమి అని దాని భావం. కొత్తగా చేరిన సబ్ ఎడిటర్ ‘మెక్రాన్‌కు రిపబ్లికన్ల మద్దతు’ అని శీర్షిక పెట్టాడు. నేను చూసి కామా సరిచేసి పంపాను. గ్రాఫిక్స్ కుర్రవాడు పక్కన వేసిన బొమ్మలో లె పెన్‌కు ఎరుపు, మెక్రాన్‌కు నీలం పూశాడు, అమెరికా పటం అలవాటులో. ఐరోపాలో ఎరుపు వామపక్షాలది, అమెరికాలో 2000 ఎన్నికల రాత్రి నుంచి అది రిపబ్లికన్లకు స్థిరపడింది. మర్నాడు ఉదయం పదింటికి ఖమ్మం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఫోన్ చేసి, “బాబూ, ట్రంప్ పార్టీవాళ్లు ఫ్రాన్సులో కూడా ఉన్నారా? లె పెన్ కమ్యూనిస్టా?” అని ఎంతో మర్యాదగా అడిగారు. ఆ మర్యాద ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అపోహ: డబ్బుంటే ఎవరైనా మెక్రాన్ కావచ్చు

వాస్తవం: ఫ్రాన్సులో రెండో రౌండుకు చేరిన అభ్యర్థి 2017లో ఖర్చు పెట్టగలిగింది 2.25 కోట్ల యూరోలు. టీవీలో డబ్బిచ్చి ప్రకటన వేయడం నిషేధం. అమెరికా కుబేరుడు మైకేల్ బ్లూంబర్గ్ 2020 డెమోక్రటిక్ ప్రైమరీలలో దాదాపు వంద కోట్ల డాలర్ల సొంత డబ్బు ధారపోశారు. గెలిచింది పసిఫిక్ దీవులైన అమెరికన్ సమోవా ఒక్కటే. అక్కడివాళ్లకు అసలు అధ్యక్ష ఎన్నికలో ఓటే లేదు.

అపోహ: మెక్రాన్ కథ విజయగాథ

వాస్తవం: ‘అమెరికా మెక్రాన్’ అనేవాళ్లందరి మనసులో ఉన్నది 2017 మెక్రాన్. ఆ జూన్‌లో ఆయన పార్టీకి జాతీయ అసెంబ్లీలో 577కు 308 స్థానాలు వచ్చాయి. అధ్యక్ష ఎన్నిక అయిన నెలకే పార్లమెంటు ఎన్నిక రావడం అందుకు పెద్ద సాయం. 2022లో మెజారిటీ పోయింది. పింఛను చట్టాన్ని ఓటింగ్ లేకుండా 49.3 అధికరణం కింద నెట్టుకొచ్చారు. అమెరికా అధ్యక్షుడికి అలాంటి తాళంచెవి లేదు, పార్లమెంటును రద్దు చేసే అధికారమూ లేదు. 2024 జూన్‌లో మెక్రాన్ ఆ అధికారాన్ని వాడి చేతులు కాల్చుకున్నారు. మూడు ముక్కల సభ ఏర్పడింది. ఆ ఒక్క ఏడాది నలుగురు ప్రధానులు మారారు. 2025 సెప్టెంబరులో ప్రధానిగా వచ్చిన సెబాస్టియన్ లెకోర్ను తన మంత్రివర్గాన్ని ప్రకటించిన కొద్ది గంటలకే రాజీనామా చేసి, నాలుగు రోజులకు మళ్లీ ప్రధాని అయ్యారు. అంత పట్టుబట్టి తెచ్చిన పింఛను సంస్కరణను నిలిపివేస్తామని ఆయనే ప్రకటించవలసి వచ్చింది. మధ్యలో ఒకే పెద్ద పార్టీ ఉంటే, దాని మీద కోపం వచ్చినవాళ్లు పోయేది రెండు అంచులకే. ఇది నా అభిప్రాయం, అమెరికా మధ్యేవాదులు మాత్రం ఈ భాగం చదవకుండా పేజీ తిప్పేస్తారు.

అపోహ: రెండు దేశాల్లోనూ అధ్యక్షుడికి రెండు పర్యాయాలే

వాస్తవం: అమెరికాలో రెండుసార్లు ఎన్నికైతే ఇక జన్మలో పోటీకి అర్హత లేదు. ఫ్రాన్సులో వరుసగా రెండు మించకూడదు, అంతే. మెక్రాన్ 2027లో తప్పుకుని, ఒక పర్యాయం ఆగి మళ్లీ రావచ్చు. ఎన్నికలు గడువు ప్రకారం జరిగితే 2032లో ఆయనకు 54 ఏళ్లుంటాయి, బుటిజెజ్‌కు 50. అమెరికాలోనూ అదే ఏడు అధ్యక్ష ఎన్నిక. ఆ రాత్రి విదేశీ పేజీలో మూడు కాలమ్‌ల చోటు మిగిలితే, డెస్కులో ఎవరున్నారో గానీ, రంగులు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.