ఫ్రాన్స్‌లో సంపన్నుల పన్ను వివాదం: వేళ్లు 1787లో ఉన్నాయి

పది కోట్ల యూరోలకు మించిన ఆస్తి ఉన్నవారు ఏటా అందులో కనీసం 2 శాతం పన్నుగా చెల్లించాలన్న ప్రతిపాదన ఫ్రాన్స్‌లో మళ్లీ రచ్చకెక్కింది. ఆర్థికవేత్త గాబ్రియెల్ జుక్‌మాన్ పేరుతో ప్రచారంలో ఉన్న ఈ పన్నును 2025 ఫిబ్రవరిలో దిగువ సభ ఆమోదించింది, జూన్‌లో సెనేట్ తోసిపుచ్చింది, అక్టోబరు 31న బడ్జెట్ చర్చలో దిగువ సభే తిరస్కరించింది. వాదం మాత్రం అక్కడితో చల్లారలేదు. ఎప్పటిలాగే అది 1789 దాకా వెళ్లింది. బాస్టీల్ కోట, గిలెటిన్, మూడు ఎస్టేట్ల విభజన మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే కనుక వాటిని వదిలేద్దాం. నేటి తగాదాతో నేరుగా ముడిపడిన తేదీ అంతకు రెండేళ్ల ముందుది: 1787 ఫిబ్రవరి 22.

ఆ రోజు వెర్సాయ్‌లో పదహారో లూయీ తాను స్వయంగా ఎంపిక చేసిన 144 మంది ప్రముఖులను సమావేశపరిచాడు. వారిలో రాజకుమారులు, బిషప్పులు, ప్రభువులు, ఉన్నత న్యాయాధికారులు ఉన్నారు. సామాన్యుల తరఫు అనదగినవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. ఖజానా వ్యవహారాలు చూసే మంత్రి కలోన్ వారి ముందు పెట్టిన ప్రధాన ప్రతిపాదన ఒక భూమి పన్ను. భూమి ఎవరిదైనా సరే, చర్చిదైనా, ప్రభువుదైనా, రైతుదైనా, పండిన పంటను బట్టి శిస్తు కట్టాలి, మినహాయింపులు ఉండవు. నాటి ఫ్రెంచి ద్రవ్యంలో ఏటా పది కోట్ల లీవ్ర్‌లకు పైగా లోటు ఉందని ఆయన చెప్పాడు. విప్లవం అనగానే రాణి నగలూ విందులూ గుర్తొస్తాయి గానీ, 1788 లెక్కల ప్రకారం 62.9 కోట్ల లీవ్ర్‌ల ఖర్చులో రాజాస్థానానికి పోయింది సుమారు 6 శాతమే. సగానికి పైగా, అంటే 31.8 కోట్లు, అప్పుల కిందకు పోయింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి చేసిన సాయం ఆ అప్పును భారీగా పెంచింది.

ప్రముఖుల సభ ఆ పన్నును ఒప్పుకోలేదు. వారి వాదన ఇది: పన్ను ఎంతో, ఎన్నేళ్లో చెప్పకుండా రాజు చేతికి ఖాళీ కాగితం ఇవ్వలేము, 1781లో అప్పటి ఖజానా మంత్రి నెక్కర్ ప్రకటించిన లెక్కల్లో కోటి లీవ్ర్‌ల మిగులు కనిపించింది కదా, ఇంత లోటు ఎక్కడి నుంచి వచ్చింది, అసలు కొత్త పన్నుకు సమ్మతి తెలిపే అధికారం మాది కాదు, దేశ ప్రతినిధులది. ఇందులో పస లేకపోలేదు. అయితే కలోన్ ఏప్రిల్‌లో పదవి పోగొట్టుకున్నాక, ఆయన స్థానంలో వచ్చిన ఆర్చిబిషప్ బ్రియెన్ లెక్కలు చూపించినా వారు పన్నుకు తలూపలేదు. మే 25న సభను ఇళ్లకు పంపేశారు. ఏదీ తేలకుండా పోయిన ఆ మూడు నెలలే తర్వాతి ఆరేళ్లను నిర్ణయించాయన్నది ఈ రచయిత అభిప్రాయం.

ఇది కలోన్ మీద కోపంతో జరిగిన పని కాదని తెలియాలంటే పదకొండేళ్లు వెనక్కి వెళ్లాలి. 1776లో ట్యుర్గో అనే మంత్రి, రోడ్ల పని కోసం రైతులతో చేయించే వెట్టిని రద్దు చేసి, దాని బదులు భూయజమానులందరి మీదా పన్ను వేయబోయాడు. పారిస్ పార్లమాన్ (పేరుకు పార్లమెంటులా వినిపించినా అది శాసనసభ కాదు, పదవులను కొనుక్కున్న, వారసత్వంగా పొందిన న్యాయాధికారుల అత్యున్నత న్యాయస్థానం) దానికి లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పింది. మతగురువులు ప్రార్థనతో, ప్రభువులు రక్తంతో రాజ్యాన్ని సేవిస్తారు. అలాంటి సేవ చేయలేని చివరి వర్గం పన్నుతో, ఒంటి శ్రమతో రుణం తీర్చుకోవాలి అన్నది దాని సారాంశం. ట్యుర్గో ఆ ఏడాది మేలోనే ఇంటికి వెళ్లాడు.

ఆ ‘చివరి వర్గం’ 2.8 కోట్ల జనాభాలో 95 శాతానికి పైగా ఉండేది. తాయ్ అనే ప్రధాన ప్రత్యక్ష పన్ను బరువు దాదాపుగా వారిదే. ప్రభువులు అసలు పన్నే కట్టలేదనడం సరికాదు. తలపన్ను, ఇరవయ్యో వంతు పన్ను వారికీ వర్తించేవి, కానీ పలుకుబడి ఉన్నవారి ఆదాయాన్ని అధికారులు తక్కువగా మదింపు వేసేవారు. దేశంలోని భూమిలో దాదాపు పదో వంతుకు యజమాని అయిన చర్చి మాత్రం తన సభలో తానే తీర్మానించుకున్న ‘స్వచ్ఛంద కానుక’ను ఖజానాకు పంపేది. అదే చర్చికి రైతు తన పంటలో దశమ భాగం ఇవ్వాలి, దొరకు భూమి సుంకం కట్టాలి, దొర మరలోనే ధాన్యం పిండి పట్టించుకోవాలి. ఉత్తర ప్రాంతాల్లో ఎనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషీ ఏటా ఇంత అని నిర్ణయించిన ఉప్పును ప్రభుత్వ గోదాములో కొని తీరాలి. దాని ధర బ్రిటనీ వంటి మినహాయింపు ప్రాంతాల ధరకు పది రెట్లకు పైమాటే.

ప్రముఖుల తర్వాత పార్లమాన్ వంతు వచ్చింది. రాజశాసనం అమలుకు రావాలంటే పార్లమాన్ దాన్ని నమోదు చేయాలి. అది కూడా పన్నును నమోదు చేయనంది. రాజు బలవంతంగా నమోదు చేయించి, న్యాయాధికారులను ఫ్రాన్స్‌లోనే ఉన్న ట్రువా పట్టణానికి పంపేశాడు. ఏడాది పెనుగులాట తర్వాత, 1788 ఆగస్టు 8న, మూడు వర్గాల ప్రతినిధుల సభ అయిన, 1614 తర్వాత ఒక్కసారీ కూడని ఎస్టేట్స్ జనరల్‌ను పిలుస్తున్నట్లు ప్రకటించక తప్పలేదు. రెండు రోజులకే, ఆగస్టు 10న, ఆంగ్లేయులపై సైనిక సాయం కోరుతూ టిపు సుల్తాన్ పంపిన రాయబారులకు వెర్సాయ్‌లో ఘనంగా దర్శనం ఇచ్చారు. నేటి రాయలసీమలో మంచి భాగం అప్పుడు మైసూరు ఏలుబడిలోనే ఉంది. మర్యాదలకు లోటు జరగలేదు గానీ సాయం దొరకలేదు. మరో ఆరు రోజులకు, ఆగస్టు 16న, ఖజానా తన చెల్లింపుల్లో కొంత భాగాన్ని నిలిపివేసింది.

అప్పటిదాకా రాజు నిరంకుశత్వాన్ని ఎదిరించిన వీరులుగా పార్లమాన్ సభ్యులకు జనం జేజేలు పలికారు. సెప్టెంబరు 25న ఆ ముసుగు జారింది. ఎస్టేట్స్ జనరల్ 1614 నాటి పద్ధతిలోనే, అంటే మూడు వర్గాలు విడివిడిగా, వర్గానికి ఒక్క ఓటుతో కూర్చోవాలని వారు తీర్పు చెప్పారు. ఇద్దరు ఒకవైపు ఉంటే మూడోవాడి సంఖ్యకు విలువే లేదు. నిజానికి అంతకు రెండు నెలల ముందే డోఫినే ప్రాంతంలో, విజీ కోటలో, మూడు వర్గాలూ కలిసి కూర్చుని తలకో ఓటు పద్ధతిని సమర్థించాయి కనుక వేరే దారి లేదనడానికి వీల్లేదు. ఎవరు కట్టాలన్న ప్రశ్న ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్నగా మారింది. ఇప్పుడు ఇది రాజుతో తగాదా కాదు, మూడో ఎస్టేట్‌కూ తక్కిన రెండింటికీ యుద్ధమని జెనీవా పాత్రికేయుడు మాలే ద్యు పాన్ 1789 జనవరిలో గమనించాడు.

1788 జులై 13 నాటి వడగళ్లు, ఆపై గడ్డకట్టించిన చలికాలం ఆ కోపానికి ఆకలిని జోడించాయి. పారిస్‌లో నాలుగు పౌండ్ల రొట్టె పద్నాలుగున్నర సూలకు (ఇరవై సూలు ఒక లీవ్ర్) చేరినప్పుడు కూలివాడి రోజు సంపాదన ఇరవై నుంచి ముప్పై సూలు. అయితే పంటలు అంతకు ముందూ పోయాయి, సింహాసనాలు కూలలేదు. ఈసారి ఆకలితో ఉన్నవాడికి కారణం చూపించే వాదన సిద్ధంగా ఉంది.

రాజుకు చివరి అవకాశం 1789 జూన్ 23న వచ్చింది. పన్ను మినహాయింపులు వదులుకోవడానికి పై వర్గాలు సిద్ధపడితే తాను ఆమోదిస్తానన్నాడు. అదే ప్రసంగంలో, దశమ భాగాలూ దొరల హక్కులూ సహా ప్రతి ఆస్తినీ గౌరవించాలని, మూడు వర్గాల విభజన అలాగే నిలవాలని చెప్పాడు. రెండేళ్ల ముందు మినహాయింపులను ఎత్తేయబోయిన ప్రభుత్వమే ఇప్పుడు వాటి యజమానుల పక్షాన నిలబడింది. ఆగస్టు 4 రాత్రి, కొత్తగా ఏర్పడ్డ జాతీయ సభ ఆ హక్కులను రద్దు చేసినా, భూమికి సంబంధించిన సుంకాలకు రైతు పరిహారం చెల్లించి విముక్తి పొందాలని మెలిక పెట్టింది. పరిహారం లేని రద్దు 1793 జులైలో గానీ రాలేదు. అప్పటికి రాచరికం పోయి పది నెలలు (1792 సెప్టెంబరు 21), రాజు తల తెగి ఆరు నెలలు.

నేటి వాదులిద్దరూ వల్లించే వాక్యం ఆ 1789 ఆగస్టులోనే పుట్టింది. మానవ హక్కుల ప్రకటన 13వ అధికరణ ప్రకారం ప్రజావ్యయానికి అవసరమైన పన్నును పౌరులందరి మధ్య వారి వారి స్తోమతను బట్టి సమానంగా పంచాలి. ఆ ప్రకటనకు ఫ్రాన్స్‌లో ఇప్పటికీ రాజ్యాంగ బలం ఉంది. బిలియనీర్లు తమ ఆదాయంతో పోలిస్తే మధ్యతరగతి కంటే తక్కువ నిష్పత్తిలో కడుతున్నారు కనుక కొత్త పన్ను ఈ అధికరణను నెరవేరుస్తుందని ఒక పక్షం అంటుంది. ఆదాయం రాని ఆస్తి మీద పన్ను స్తోమతను మించుతుంది, అది స్వాధీనం చేసుకోవడమే అవుతుందని రెండో పక్షం అదే అధికరణను చూపిస్తుంది. 2012 డిసెంబరులో అత్యధిక ఆదాయాలపై ఓలాంద్ ప్రభుత్వపు 75 శాతం పన్నును, చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో తేల్చే రాజ్యాంగ మండలి కొట్టివేసింది. కుటుంబాన్ని కాక వ్యక్తిని లెక్కలోకి తీసుకోవడం పన్ను భారంలో సమానత్వానికి విరుద్ధమన్నది కారణం. 2018లో మాక్రాన్ ప్రభుత్వం సంపద పన్నును స్థిరాస్తికే పరిమితం చేసింది. ఆ ఏడాది నవంబరులో ఇంధన పన్నుపై పసుపు చొక్కాల నిరసనకారులు వీధికెక్కినప్పుడు వారి ప్రధాన డిమాండ్లలో ఒకటి పాత సంపద పన్ను పునరుద్ధరణ. రెండు శాతం పన్ను రేపు రెండు సభలనూ దాటినా, చివరికి తేలాల్సింది రాజ్యాంగ మండలిలో, ఆ 13వ అధికరణ కిందే.