ఊరి సంఘాలకు నిధులు ఎందుకు అందడం లేదు?

2020 సెప్టెంబరులో దేశమంతా కోవిడ్ టెన్షన్‌లో ఉండగా, విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి సవరణలు మూడు రోజుల్లో పార్లమెంటు ఉభయసభలూ దాటాయి. ఆ నెలాఖరుకే అమల్లోకి వచ్చాయి. ఎఫ్‌సీఆర్‌ఏ అని అందరూ పిలిచే ఈ చట్టంలో అప్పుడు చేరిన ఒక నిబంధన చిన్న సంఘాలను గట్టిగా దెబ్బతీసింది. విదేశీ విరాళం అందుకున్న సంస్థ అందులోంచి ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. అంతకుముందు ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పెద్ద సంస్థ గ్రాంటు తెచ్చుకుని, రిజిస్ట్రేషన్ ఉన్న జిల్లా సంస్థలకు పంచేది. కూలి రేట్ల కోసం, పట్టాల కోసం, అటవీ హక్కుల కోసం జనాన్ని కూడగట్టే సంఘం నేరుగా విదేశీ ఫౌండేషన్‌కు ఇంగ్లీషులో ప్రపోజల్ రాసి, వాళ్లడిగిన పద్ధతిలో ఆడిట్ రిపోర్టులు పంపించగలదా? చాలా సంఘాలకు అది అయ్యే పని కాదు. వాటికి ఉన్న ఒక్క దారీ అక్కడితో మూసుకుపోయింది.

విదేశీ ఫౌండేషన్లను మన ప్రభుత్వం మొదటినుంచీ అనుమానంగా చూసిందనుకుంటే పొరపాటు. నెహ్రూ ఆహ్వానం మీదే ఫోర్డ్ ఫౌండేషన్ 1952లో ఢిల్లీలో ఆఫీసు తెరిచింది. అమెరికా బయట దానికి అదే మొదటి ఆఫీసు. ఆ ఏడాది గాంధీ జయంతినాడు మొదలైన సమాజ వికాస కార్యక్రమానికి నిధులిచ్చింది. అప్పట్లో ఆ డబ్బు ప్రభుత్వం చేసే పనికి తోడుగా వచ్చేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు.

ఎమర్జెన్సీతో లెక్క మారింది. 1975 జూన్ 25 అర్ధరాత్రి దాటాక, ఇందిరాగాంధీ ప్రభుత్వం మీద ఉద్యమం నడిపిన జయప్రకాశ్ నారాయణ్‌ను అరెస్టు చేసింది ఢిల్లీలోని గాంధీ శాంతి ప్రతిష్ఠాన్‌లోనే. మరుసటి ఏడాదే ఎఫ్‌సీఆర్‌ఏ వచ్చింది. జనతా ప్రభుత్వం పోయి ఇందిరాగాంధీ తిరిగొచ్చాక, 1982లో గాంధేయ సంస్థల మీద విచారణకు కుదాల్ కమిషన్ వేశారు. 1984-85 మార్పులతో, విదేశీ విరాళం తీసుకోవాలంటే ముందు హోంశాఖ దగ్గర రిజిస్టర్ కావడం తప్పనిసరి అయింది. విమర్శ ఒక్క ప్రభుత్వం నుంచే రాలేదు. విదేశీ డబ్బుతో నడిచే గ్రూపులు సామ్రాజ్యవాద వ్యూహంలో భాగమని 1984లో సీపీఎం నాయకుడు ప్రకాశ్ కరత్ రాశారు. అటు ప్రభుత్వం, ఇటు లెఫ్ట్, ఇద్దరూ అనుమానించేసరికి ఈ సంఘాల తరఫున గట్టిగా మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు.

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత సహాయ సంస్థలు కోస్తాకు పెద్దఎత్తున వచ్చాయి. ఇళ్లు కట్టడం, పడవలు ఇవ్వడం అయ్యాక కొన్ని సంస్థలు అక్కడే ఉండిపోయి మత్స్యకారులతో, దళితవాడల్లో సంఘాలు పెట్టడం మొదలుపెట్టాయి. దూబగుంటది ఇంకో రకం. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం నడిపింది ప్రభుత్వ నిధులతోనే. ఆ రాత్రి బడుల్లో కలుసుకున్న ఆడవాళ్లే సారా దుకాణాలు మూయించారు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. చదువు కోసం ఇచ్చిన డబ్బుతో జనం ఒకచోట చేరితే, అది ప్రభుత్వ ఖజానాకే ఎదురు తిరగొచ్చు. నిధులిచ్చేవాళ్లెవరూ ఈ సంగతి మర్చిపోలేదని నా నమ్మకం.

ఫౌండేషన్ డబ్బే వద్దన్నవాళ్లూ ఉన్నారు. రాజస్థాన్‌లోని దేవ్‌డుంగ్రీలో మట్టింట్లో ఉంటూ అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ స్థానిక కూలీలతో కలిసి 1990 మే 1న మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టారు. సంస్థల నుంచి నిధులు తీసుకోరు, వ్యక్తులిచ్చే చందాలే. పూర్తికాలం కార్యకర్తలకు కనీస వేతనమంతే ఇస్తారు. 1994 డిసెంబరులో కోట్ కిరానాలో వాళ్లు పెట్టిన మొదటి జన్‌సున్‌వాయి (బహిరంగ విచారణ)లో పంచాయతీ మస్టర్లు, బిల్లులు ఊరందరి ముందు గట్టిగా చదివారు. పూర్తికాని పనులకు ఎత్తిన బిల్లులు అక్కడికక్కడే బయటపడ్డాయి. 1996లో బ్యావర్‌లో నలభై రోజుల ధర్నా ఊరివాళ్ల సాయంతోనే నడిచింది. అక్కడి నినాదం ‘హమారా పైసా, హమారా హిసాబ్’, అంటే మా డబ్బు, మా లెక్క. 2005 సమాచార హక్కు చట్టానికి మూలాలు ఆ ధర్నాలోనే ఉన్నాయి. ఉపాధి హామీలో జనమే లెక్కలు సరిచూసే సామాజిక తనిఖీ ఎలా చేయాలో 2006లో ఆంధ్రప్రదేశ్ నేర్చుకున్నదీ వీళ్ల దగ్గరే.

ఆ నిబద్ధతకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ అందరూ అలాగే నడవాలనడం న్యాయం కాదు. అరుణా రాయ్‌లా ఐఏఎస్ వదిలి వచ్చిన మనిషి అడిగితే పట్నంలో పదిమంది చందా ఇస్తారు. వలసలు పోయే పల్లెలో దళిత కూలీల సంఘం నడిపే అమ్మాయి అడిగితే ఎవరిస్తారు?

2011 నిబంధనలు ఇంకో అడుగు వేశాయి. ప్రజల సమస్యల మీద తరచూ బంద్, హర్తాళ్, రాస్తారోకో, రైల్‌రోకో, జైల్‌భరో చేసే సంస్థను ‘రాజకీయ స్వభావం’ గలదిగా ప్రకటించి విదేశీ నిధులు ఆపేయొచ్చని అవి చెప్పాయి. దీన్ని ఇన్సాఫ్ అనే వేదిక కోర్టులో సవాలు చేసింది. రాజకీయ లక్ష్యం లేకుండా హక్కుల కోసం పోరాడే జనానికి మద్దతిచ్చినంత మాత్రాన విదేశీ నిధులు ఆపకూడదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఊరట ఆరు నెలలే. సెప్టెంబరు సవరణలు పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించాయి. ఆసుపత్రి డాక్టర్ల జీతాలు, బడి టీచర్ల జీతాలు పాలనా ఖర్చు కిందికి రావని నిబంధనల్లో పేరుపెట్టి రాశారు. ఊరూరా తిరిగి జనాన్ని కూర్చోబెట్టే కార్యకర్త జీతం గురించి అలా రాయలేదు. సంఘానికి అయ్యే ఖర్చంతా ఆ మనిషి జీతం, బస్సు చార్జీలే కదా. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది. విదేశీ విరాళం పొందడం సంపూర్ణ హక్కు కాదంది.

లెక్కలు అడగడం తప్పు కాదు, అడిగి తీరాలి. అయితే రిజిస్ట్రేషన్ ఉండి, ఏటా రిటర్నులు వేసే సంస్థలు ఒకదానికొకటి ఇచ్చుకోకుండా ఆపితే ఏ అక్రమం ఆగుతుందో నాకైతే అర్థం కాదు.

విదేశీ నిధులు తగ్గితే దేశంలోని కంపెనీలు ఆదుకుంటాయని ఆశపడ్డవాళ్లున్నారు. 2014 నుంచి నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు ఎక్కువగా చదువుకీ ఆరోగ్యానికీ పోతోంది. కాలుష్యం మీదో భూసేకరణ మీదో ఊరిని కూడగట్టే సంఘానికి, రేపు ఆ ఊళ్లోనే ఫ్యాక్టరీ పెట్టబోయే కంపెనీ చెక్కు రాయదు. తెలుగు రాష్ట్రాల్లో ఇవాళ నిలబడ్డ చాలా సంఘాలు సభ్యత్వ రుసుములతో, తెలిసినవాళ్లిచ్చే చందాలతో నడుస్తున్నాయి. పూర్తికాలం పనిచేసినవాళ్లలో చాలామంది ఇల్లు గడవక వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు.