మూసీ వెంట వెళ్దాం రండి

చాదర్‌ఘాట్, హైదరాబాద్

చిన్నూకి, అమ్ములుకి అమ్మమ్మ ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. చిన్నూ, నీ రాత ఈసారి బాగా కుదిరింది. "చార్మినార్ చూశాం, గోల్కొండ చూశాం, జూ రెండుసార్లు చూశాం. దసరా సెలవులకి వస్తే ఇంకేం చూపిస్తావు అమ్మమ్మా?" అని అడిగారు. వారం రోజులు ఆలోచించాను. చివరికి మా ఇంటికి నాలుగడుగుల దూరంలో పారే మూసీయే గుర్తొచ్చింది. ఈసారి నది వెంట వెళ్దాం.

మీ విశాఖలో సముద్రం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా మూసీని మా ఊరివాళ్లే చూడరు. బస్సు వంతెన ఎక్కగానే ముక్కు మూసుకుంటారు. మురుగు కలుస్తున్న మాట నిజమే, వాసన వస్తున్న మాటా నిజమే. అది తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. అయినా ఈ ఊరు పుట్టింది ఈ నది ఒడ్డునే. ఒక రాత్రి కొట్టుకుపోయి, మళ్లీ లేచి నిలబడిందీ ఇక్కడే.

మొదటి రోజు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్దాం. ఊరికి పడమర దాదాపు 80 కిలోమీటర్లు. పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. వానలు వెళ్లిన కొత్తలో ఆ కొండలు పచ్చగా కళకళలాడుతుంటాయి. మూసీ పుట్టేది అక్కడే. అసలు పేరు ముచికుందా నది. ముచుకుందుడు అనే రాజు గుహలో గాఢ నిద్రలో ఉంటే, కృష్ణుడు తన శత్రువు కాలయవనుణ్ణి ఊరించి ఊరించి ఆ గుహలోకి రప్పించాడట. పడుకున్నది కృష్ణుడే అనుకుని వాడు కాలితో తన్నాడు. ముచుకుందుడు కళ్లు తెరిచి చూసేసరికి కాలయవనుడు బూడిదైపోయాడు. అది జరిగింది ఇక్కడేనని అనంతపద్మనాభస్వామి గుడిలో చెప్తారు. కథ సంగతి అలా ఉంచితే, అక్కడ మీరు చూడాల్సింది నీళ్లు. చెట్ల మధ్య నుంచి సన్నగా జారే ఆ ధారలే మా ఊళ్లో వంతెనల కింద పారే మూసీ అని గుర్తుపెట్టుకోండి.

తిరిగొచ్చాక ఒక సాయంత్రం గండిపేట చెరువు. అక్కడి నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో లంగర్‌హౌజ్ బాపూఘాట్ కూడా. మూసీ, ఈసీ కలిసే చోటు అది. 1948లో గాంధీగారి అస్థికల్లో కొంత భాగాన్ని అక్కడి నీళ్లలో కలిపారు. అక్కడ ఎక్కువసేపు ఉండక్కర్లేదు.

మూడో రోజు మాత్రం తీరిగ్గా తిరుగుదాం. ముందు పురానాపూల్. 1578లో కట్టిన వంతెన, చార్మినార్ కంటే పదమూడేళ్లు పెద్దది. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతారు. టమాటాల గంపల మధ్య నడుస్తూ పక్క గోడ మీద చెయ్యి వేసి చూడండి, ఆ రాయి నాలుగున్నర వందల ఏళ్లుగా అక్కడే ఉంది.

అక్కడి నుంచి బాద్‌షాహీ ఆషూర్‌ఖానా. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే దీన్నీ కట్టించాడు. మొహర్రం రోజుల్లో ఇక్కడ పీర్లు నిలుపుతారు. ప్రార్థన చేసుకునే చోటు కాబట్టి చెప్పులు బయట విడిచి, గొంతు తగ్గించుకుని వెళ్లాలి. లోపల గోడల నిండా రంగురంగుల పలకల పని ఉంటుంది. పసుపు, నీలం, ఆకుపచ్చ, ఒకదాని పక్కన ఒకటి. 1611 నాటి పని అది. మీరు దూరం నుంచి కాదు, దగ్గరికెళ్లి చూడాలి. పైభాగంలో పలకలు మెరుస్తుంటాయి. కిందికి వచ్చేసరికి ఆ మెరుపు ఉండదు. కింది పలకలు వరదకు పాడైపోతే, వాటి చోట అలాంటి నగిషీలే రంగులతో వేశారు. ఆ నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ గోడను చూస్తే తెలుస్తుంది.

ఆ వరద వచ్చింది 1908 సెప్టెంబర్ 28న. మా నాయనమ్మకు అప్పటికి పన్నెండేళ్లు. ఆ వరదను 'తుగ్యానీ' అనేది ఆమె. మా ఇంట్లో ఏళ్ల లెక్కలు కూడా అలాగే ఉండేవి. ఫలానా పెళ్లి తుగ్యానీకి ముందా, తర్వాతా అని. పైన ఉన్న చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. మూసీ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయని లెక్క. మిగతా వంతెనలన్నీ కొట్టుకుపోతే పురానాపూల్ ఒక్కటే నిలబడింది. దాదాపు 15 వేల మంది చనిపోయారు.

ఆ రోజు, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికిపోయారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. నేను మీకు చూపించాలని ఎదురుచూస్తున్నది దాన్నే. మామూలు చింతచెట్టే, చిన్న చిన్న ఆకులు, గరుకు బెరడు. కింద నిలబడి తలెత్తి చూడండి. ఏ కొమ్మ మీద ఎవరు కూర్చుని ఉంటారో, ఎవరి ఒళ్లో పసిబిడ్డ ఉండి ఉంటుందో, రాత్రంతా చేతులు నొప్పి పుట్టినా కొమ్మ ఎలా వదలకుండా పట్టుకున్నారో ఒక్క నిమిషం ఊహించుకోండి. ఆస్పత్రి కదా, రోగుల వాళ్లు టెన్షన్‌లో ఉంటారు. దారికి అడ్డం లేకుండా చూసి వచ్చేద్దాం.

మళ్లీ అలాంటి వరద రాకుండా ఏం చెయ్యాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. నీళ్లను ఊరి పైనే ఆపాలన్నారాయన. అలా వచ్చినవే 1920లో గండిపేట చెరువు, 1927లో హిమాయత్‌సాగర్. ముందు రోజు సాయంత్రం మీరు గట్టు మీద నిలబడి చూసిన చెరువు ఎందుకు పుట్టిందో అప్పుడు తెలుస్తుంది. వరద ఆపడానికి కట్టిన చెరువే ఊరికి తాగే నీళ్లూ ఇచ్చింది.

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ పేరు రాముడి మీద పెట్టిందా అని అమ్ములు పోయినసారి అడిగింది కదా? రాముడికి సంబంధం లేదమ్మా. నిజాం కొలువులో రేమాండ్ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. 'మూస్యే' అంటే ఫ్రెంచిలో 'గారు' లాంటి మాట. 'మూస్యే రేమాండ్' జనం నోట్లో మూసారాం అయ్యాడు. 1798లో చనిపోయాడు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఉంది. వీలైతే ఒక గంట అక్కడికి వెళ్లొద్దాం.

ఇక నాలుగో రోజు పోచంపల్లి. ఊరికి తూర్పున 45 కిలోమీటర్లు ఉంటుంది, మూసీ కూడా అటే పోతుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వస్తే, దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని అడిగాయి. అప్పటికప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది. అందుకే ఊరి పేరు భూదాన్ పోచంపల్లి అయింది.

అక్కడ ఒక నేత ఇంట్లో కూర్చోబెడతాను. అమ్మ పెట్టెలో దాచుకున్న ఆ ఎర్ర పోచంపల్లి చీర ఉంది చూశారా, దాని మీద పువ్వులు అద్దినవి కావు. నేయకముందే దారానికి రంగు పడుతుంది. రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీతో గట్టిగా చిటికి కడతారు, రంగులో ముంచుతారు, విప్పి మళ్లీ ఇంకోచోట కడతారు. అంతకుముందు ఆసు పోయాలి. మేకుల వరుస చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు పైకీ కిందికీ ఆడుతుంది. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే ఆయన తన తల్లి పడే ఆ నొప్పి చూడలేక, పెద్ద చదువులు లేకపోయినా ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మగ్గం దగ్గర ఒక చీర కొనకపోయినా పర్వాలేదు, దారం ఎలా కడుతున్నారో అడగండి. చెప్పడానికి వాళ్లకి ఇష్టమే.

టైముంటే దారి మార్చి భువనగిరి కోట ఎక్కొచ్చు. ఒకే బండరాయి మీద కట్టిన కోట. నా మోకాళ్లకు అది ఎక్కే ఓపిక లేదు, మీరు అమ్మతో ఎక్కండి. నేను కింద మంచినీళ్ల సీసాలతో ఉంటాను.

మూసీ చివరికి నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడికి ఈసారి వెళ్లలేం. అందుకే గుంటూరు, మిర్యాలగూడ మీదుగా వచ్చే పగటి రైలుకే టికెట్లు తీయమని మీ నాన్నకు ఫోన్‌లో చెప్పాను. పొందుగుల దాటాక కృష్ణమ్మ మీద వంతెన వస్తుంది. అప్పుడు నిద్రపోకుండా ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చోండి. వాడపల్లి ఆ దగ్గర్లోనే.

ప్రేమతో,
అమ్మమ్మ