పసిబిడ్డల బొంతలు: అపోహలు - వాస్తవాలు

పద్దెనిమిదేళ్లుగా పసిబిడ్డల కోసం బొంతలు కుడుతున్నాను. తొలి రోజుల్లో నేను ఇచ్చిన వాటిలో చాలా బొంతలను తల్లులు ఎంతో మెచ్చుకున్నారు, ఆ తర్వాత మడత విప్పకుండా బీరువాలో దాచిపెట్టారు. అందులో వారి తప్పు లేదు. బిడ్డ తడిపితే పాడవుతుందేమో, ఉతికితే రంగు దిగుతుందేమో అని భయపడేలా వాటిని కుట్టింది నేనే. పసిబిడ్డ బొంతకు ఉండవలసిన మొదటి గుణం తల్లికి దానిని వాడడానికి జంకు కలగకపోవడమని నాకు అర్థమయ్యేసరికి చాలా కాలం పట్టింది. కుట్టేవారి దగ్గర, కానుకగా ఇచ్చేవారి దగ్గర నేను తరచుగా వినే మాటలను ఆ దృష్టితోనే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: పాత చీరలతో కుట్టిన బొంత ఇస్తే చులకన, కానుకకు కొత్త బట్టే కావాలి.

వాస్తవం: పొత్తిగుడ్డల కోసం పాత నూలు చీరలను, పంచెలను చింపి దాచడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న పద్ధతి, దానికి పొదుపు ఒక్కటే కారణం కాదు. కొత్త బట్టకు గంజి పట్టించి ఉంటుంది; ముడతలు పడవని చెప్పి అమ్మే బట్టలకైతే రసాయన పూతలు కూడా ఉంటాయి. ఏళ్ల తరబడి ఉతికిన చీరలో ఇవేవీ మిగలవు, అది కుదించుకుపోవలసినంత కుదించుకుపోయి, దిగవలసిన రంగు దిగిపోయి, ముట్టుకుంటే చేతికి మెత్తగా తగులుతుంది. బిహార్‌లోని సుజనీ అనే కుట్టుపని కూడా పుట్టిన బిడ్డను చుట్టడానికి పాత చీరల ముక్కలను కలిపి కుట్టడంతోనే మొదలైంది.

అయితే పాత చీర మొత్తం పనికివస్తుందని అనుకోకూడదు. చీరను కిటికీ ముందు ఎత్తి పట్టి వెలుతురులో చూస్తే, నడుము దగ్గర దోపుకునే చోట, కాళ్లకు రాసుకునే అడుగు అంచు దగ్గర పోగులు పలుచబడి కనిపిస్తాయి. అనుమానం ఉన్న చోట రెండు బొటనవేళ్లతో నొక్కిపట్టి పక్కలకు లాగాలి. చిరుగు పట్టే భాగాన్ని మొహమాటం లేకుండా తీసేయాలి, కొంచెం పలుచగా ఉన్న భాగాన్ని లోపలి పొరలకు వాడుకోవచ్చు. 5.5 మీటర్ల చీరను 40 అంగుళాల చొప్పున కోస్తే 5 ముక్కలు వస్తాయి, మిగిలిన మూరెడుకు కాస్త తక్కువ గుడ్డ అంచు పట్టీలకు సరిపోతుంది. అంటే గట్టిగా ఉన్న ఒక్క నూలు చీరతోనే ఒక బిడ్డకు బొంత పూర్తవుతుంది. జరీ చీరలు, పాలియెస్టర్ చీరలు ఎంత మెత్తగా అనిపించినా పక్కన పెట్టండి. జరీ గీసుకుంటుంది, పాలియెస్టర్ చెమట పీల్చదు.

కొత్త బట్టే ఇవ్వాలనిపిస్తే మంగళగిరి నూలు బట్ట గానీ, పొందూరు ఖాదీ గానీ చక్కగా పనికివస్తుంది. కోయడానికి ముందే దానిని రెండుసార్లు ఉతికి ఆరబెట్టాలి. ఈ పని దాటవేస్తే పై గుడ్డ ఒక విధంగా, అడుగు గుడ్డ మరొక విధంగా కుదించుకుపోయి, మొదటి ఉతుకులోనే బొంత ముడతలు దేరి వంకరపోతుంది.

అపోహ: ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు దిగదు.

వాస్తవం: ఇది నేనూ చిన్నప్పటి నుంచి నమ్మిన మాటే. అద్దకం తొట్టిలో ఉప్పు వేయడం నిజం. అక్కడ అది నీటిలోని రంగును నూలు వైపుకు నెడుతుంది, కానీ ఆ రంగు నూలుకు అంటుకుని నిలిచేది ఆ తర్వాత కలిపే సోడా వల్ల. అద్దకం ముగిసి అంగడికి వచ్చిన బట్టకు ఇంట్లో మనం వేసే గుప్పెడు ఉప్పు చేసే మేలేమీ లేదు. ఒకసారి ఉప్పు మీద నమ్మకంతో ఎర్రటి నూలు గుడ్డను తెల్ల గుడ్డ పక్కన కుట్టాను. బొంత మొత్తం గులాబీ మచ్చలతో నా దగ్గరకు తిరిగి వచ్చింది. ఆ తల్లి తానే సరిగ్గా ఉతకలేదేమోనని క్షమాపణ చెప్పుకోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అప్పటి నుంచి ప్రతి గుడ్డ నుంచీ అరచేయంత ముక్క కోసి, తెల్ల గుడ్డ ముక్కతో కలిపి, గోరువెచ్చని సబ్బు నీటిలో అరగంట నానబెట్టి, రెంటినీ కలిపి పిండి ఆరబెడుతున్నాను. తెల్ల ముక్కకు రంగు అంటితే ఆ గుడ్డను బొంతలోకి రానివ్వను. పేరు చూసి కొనేవారు కూడా ఈ పరీక్ష చేయాలి. పెడనలో సంప్రదాయ పద్ధతిలో అద్దే కలంకారీకి కరక్కాయ, పటిక పట్టించి, రంగు నీటిలో ఉడకబెట్టి, పారే నీటిలో ఉతుకుతారు కనుక ఆ రంగు నిలబడుతుంది. అదే పేరుతో అమ్మే స్క్రీన్ ముద్రణ గుడ్డలన్నింటికీ ఆ భరోసా లేదు.

అపోహ: ఎంత మందంగా ఉంటే బిడ్డకు అంత వెచ్చన.

వాస్తవం: వెచ్చదనం ఇచ్చేది గుడ్డ బరువు కాదు, పొరల మధ్య నిలిచే గాలి. నాలుగైదు పొరల పాత నూలు చీర మన ప్రాంతపు చలికి చాలు; ఒళ్లు మరీ వేడెక్కడం పసిబిడ్డకు ప్రమాదం కూడా. అంతకన్నా పెద్ద చిక్కు ఆరబెట్టడం దగ్గర వస్తుంది. పసిబిడ్డ బొంత రోజూ తడుస్తుంది. పొద్దున ఉతికింది సాయంత్రానికి ఆరకపోతే, ముసురు పట్టిన రోజుల్లో కోస్తా జిల్లాల్లో ఏ తల్లీ దానిని రెండోసారి బయటకు తీయదు. దూది కూరిన బొంత పైకి ఆరినట్టు కనిపించినా లోపల చెమ్మ నిలిచి ముక్కిన వాసన వేస్తుంది. కుట్లు దగ్గరదగ్గరగా లేకపోతే దూది నాలుగు ఉతుకుల్లో ఒక మూలకు జరిగి ఉండలు కడుతుంది.

కుట్టు సంగతి ఇక్కడే చెప్పాలి. పెద్దల బొంతలకు దబ్బనంతో వేసే పొడుగు కుట్లు పసిబిడ్డ బొంతకు తగవు. వదులుగా లేచిన పోగు చిన్న కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాచిపోతుంది, అది వైద్యులు చూసే నిజమైన ప్రమాదమే. కుట్టు బియ్యపు గింజంత ఉండాలి, వరుసకూ వరుసకూ మధ్య రెండు వేళ్ల ఎడం చాలు. ముడిని పై పొర కిందకు లాగి దాచాలి. కుట్టడం పూర్తయ్యాక నేను చిటికెన వేలి గోటిని ప్రతి వరుస మీదా నెమ్మదిగా జరుపుతూ వెళ్తాను. ఎక్కడ గోరు తట్టుకుంటే అక్కడ విప్పి మళ్లీ కుడతాను. అద్దాలు, పూసలు, గుండీలు, వేలాడే కుచ్చులు అసలే వద్దు. దొరికిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకునే ఈడు అది.

అపోహ: బొంత బిడ్డ నిద్రపోయేటప్పుడు కప్పడానికే.

వాస్తవం: ఈ మాట చెప్పడానికి కుట్టేవారు చాలామంది వెనుకాడతారు, కానీ చెప్పి తీరాలి. ఏడాది నిండని బిడ్డ నిద్రపోయే చోట బొంతలు, దిండ్లు, వదులుగా ఉండే దుప్పట్లు ఉండకూడదనీ, బిడ్డను గట్టిగా, సమంగా ఉన్న పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలనీ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. మెత్తటి గుడ్డ ముఖం మీదకు జరిగితే దానిని తీసివేసుకునే శక్తి ఆ వయసు బిడ్డకు ఉండదు. అమెరికాలో ఉన్న కూతుళ్లకు, కోడళ్లకు బొంతలు పంపే తల్లులు అక్కడి వైద్యులు వద్దన్నారని నొచ్చుకోవడం చూశాను. నిజానికి ఆ జాగ్రత్త ఇక్కడి బిడ్డలకూ అంతే అవసరం.

మరి ఆ ఏడాది బొంత ఎందుకంటే, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు దానికి ఎంతో పని ఉంది. చాప మీద పరిచి బోర్లా పడడం నేర్పడానికి, ఒళ్లో వేసుకుని పాలివ్వడానికి, నలుగు పెట్టేటప్పుడు కింద వేయడానికి, పెద్దవాళ్లు కళ్ల ముందు కూర్చుని బిడ్డను ఆడించడానికి అది కావాలి. ఏడాది దాటాక కప్పుకోవడానికీ పనికివస్తుంది. ఈ నాలుగు మాటలను ఒక కాగితం మీద రాసి ప్రతి బొంత మడతలో పెడుతున్నాను. ఈ పనులకు 40 అంగుళాల చదరం చాలు, అంతకన్నా పెద్దది కుట్టమంటే వద్దని చెబుతాను.

అపోహ: ముదురు రంగులైతే మరకలు కనపడవు, ఎక్కువ కాలం వాడుకోవచ్చు.

వాస్తవం: మరక కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. పాల వాసనకు చేరిన చీమ లేత రంగు మీద వెంటనే కనిపిస్తుంది, ముదురు నీలం మీద కనిపించదు. పాల మరకను ముందు చల్లటి నీటిలో నానబెట్టాలి. వేడి నీళ్లు పోస్తే అది గుడ్డను పట్టేస్తుంది. నలుగులోని పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, అది చూసి బొంత పాడైందని చాలామంది కంగారుపడతారు. బాగా జాడించి ఎండలో వేస్తే ఆ పసుపు దానంతట అదే వెలిసిపోతుంది.

అపోహ: కలరా ఉండలు వేసి దాచితే తర్వాతి కాన్పుకు కూడా పనికివస్తుంది.

వాస్తవం: దయచేసి వేయకండి. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఆవిరి గుడ్డలో ఇంకి, శ్వాస ద్వారా, చర్మం ద్వారా బిడ్డ ఒంట్లోకి చేరుతుంది. జీ సిక్స్ పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలను పగలగొట్టి తీవ్రమైన కామెర్లు, రక్తహీనత తెస్తుంది, బిడ్డకు ఆ లోపం ఉన్నట్టు అప్పటికి ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. ఇంతకూ చిమ్మట పురుగు తినేది ఉన్నిని, పట్టును. శుభ్రంగా ఉతికి, గంజి పెట్టకుండా, పూర్తిగా ఆరబెట్టిన నూలు బొంత జోలికి అది సాధారణంగా రాదు. పాత పంచె ముక్కలో చుట్టి, ఎండు వేపాకు ఒక మూట పక్కన పెడితే చాలు.

ఇచ్చే వేళ గురించి ఒక్క మాట. బిడ్డ పుట్టకముందు ఏ వస్తువూ ఇంటికి తేకూడదనుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి కనుక, సీమంతానికే ఇవ్వాలని పట్టుబట్టకుండా ఇంటి పెద్దలను అడిగి బారసాలకు ఇవ్వడం మంచిది.

బొంతతోపాటు మిగిలిన గుడ్డ ముక్కలను కూడా మడిచి ఇస్తాను, చిరిగినప్పుడు అతుకు వేసుకోవడానికి. మొన్న సంక్రాంతికి ముందు ఒక తల్లి నాలుగేళ్ల కిందటి బొంతను, ఆ ముక్కలను తీసుకుని వచ్చారు. మూడు వైపులా అంచు పట్టీ పీలికలైపోయింది. నాలుగో వైపు ఒక మూల, బిడ్డ నోట్లో పెట్టుకుని చప్పరించీ చప్పరించీ, రంగు పోయి వత్తిలా మెలి తిరిగి ఉంది. “అంచు అంతా మార్చండమ్మా, ఆ మూల మాత్రం ముట్టుకోకండి, అది లేకపోతే మా వాడు నిద్రపోడు” అన్నారు. ఆ మూలకు రెండు వేళ్ల దూరంలో పట్టీ ఆపి, రెండు చివరలూ లోపలికి మడిచి కుట్టి ఇచ్చాను.