అపోహలు – వాస్తవాలు: కిరి తన్సుకు నూనె పెట్టకండి

“పాత చెక్క కదండీ, బాగా ఎండిపోయినట్టుంది. ఏ నూనె పెట్టమంటారు?” జపాన్‌లో తన్సు (సొరుగులున్న చెక్క బీరువా) కొనుక్కున్న తెలుగువాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది ఇదే. కొందరు అడగకుండానే పెట్టేసి, మచ్చలు తేలాక ఫొటో పంపిస్తారు. కిరి అనే తేలికపాటి చెక్కతో చేసిన పాత తన్సులను బాగుచేసే వర్క్‌షాపులో పని చేస్తున్నాను. మా దగ్గరికి పాడై వచ్చేవాటిలో కాలం పాడుచేసినవాటికంటే ప్రేమకొద్దీ పాడుచేసినవి చూస్తే ఎక్కువ బాధేస్తుంది. అందుకే ముందు నూనె సంగతి, మిగతావి తర్వాత.

అపోహ: పాత చెక్కకు నూనె పడితే మళ్లీ కళ వస్తుంది.

వాస్తవం: మన చేతులు టేకుకు అలవాటు పడ్డాయి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. పండక్కి గుమ్మానికి కాస్త నూనె రాసి తుడిస్తే మెరుస్తుంది, ఏ నష్టమూ ఉండదు. కిరి అలాంటిది కాదు. జపాన్ కలపల్లో అన్నిటికన్నా తేలికైనది, దాని సాంద్రత నీటి సాంద్రతలో సుమారు మూడో వంతు. అంటే లోపలంతా గాలి గదులే. నూనె పైన నిలవదు, నేరుగా లోపలికి దిగిపోతుంది. అక్కడే ఉండి నల్లబడుతుంది, జిగురెక్కుతుంది, దుమ్ము పట్టుకుంటుంది.

బాగుచేసిన తన్సు మీద కనిపించే ఆ లేత గోధుమ రంగు ఎలా వస్తుందో చెబితే విషయం అర్థమవుతుంది. ముందు ఇనుప సామానంతా ఊడదీసి, వేడి నీళ్లతో చెక్కను కడిగి, రోజుల తరబడి ఆరబెడతాం. పగుళ్లలో కిరి ముక్కలే అతికి, పైపొర పోయేలా చిత్రిక పడతాం. తర్వాత గడ్డివేళ్లను కట్టగా బిగించిన ఉజుకురితో రుద్దితే చెక్క చారలు తేలతాయి. యాషాబుషి అనే చెట్టు కాయలు ఉడికించిన రసంలో తొనోకో మట్టిపొడి కలిపి పూస్తాం. అది ఆరాక పల్చగా మైనం రుద్దుతాం. అంతే. వార్నిష్ లేదు, ప్లాస్టిక్ పొర లేదు. మట్టిపొడి నూనెను ఆపలేదు.

“మరి మీరు మైనం పెడుతున్నారుగా?” అంటారు. మైనం గట్టిది, పల్చగా రుద్దితే పైపైనే ఉండిపోతుంది. నూనె ద్రవం, చెక్క దాన్ని తాగేస్తుంది. రెండింటికీ పోలిక లేదు.

టోక్యోలోని నిషి కసాయ్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబం తైషో కాలం (1912–26) నాటి కిరి తన్సు కొనుక్కుంది. ఊరినుంచి వాళ్ల నాన్నగారు వచ్చారు. పిల్లలు ఆఫీసుకు వెళ్లాక, ఊరికే కూర్చోలేక, ముందు పలకలన్నిటికీ నువ్వుల నూనె పట్టించారు. సాయంత్రానికి మరకలు తేలాయి. సొరుగుల రెండు చివర్లూ, అంటే చెక్క కొసలు తెరుచుకుని ఉండే చోట, నూనె ఎక్కువ పీల్చుకుని నల్లగా అయిపోయాయి. మా దగ్గరికి తెచ్చాక మొదటి సొరుగుకు చిత్రిక పట్టి చూశాం. లేచిన పొట్టు అప్పడాలు తీసి పెట్టిన కాగితంలా ఉంది, వెలుతురు ఇవతలినుంచి అవతలికి కనిపిస్తోంది. మామూలుగా మిల్లీమీటరు లోపు తీస్తే సరిపోయేది, దానికి ఇంకా లోతుకు పోవాల్సి వచ్చింది. తాళం పలక కూర్చునే గాడిని కూడా మళ్లీ చెక్కాం. పెద్దాయన పక్కనే నిలబడి “నా చేతులారా పాడుచేశాను బాబూ” అంటుంటే, “బాబాయిగారూ, పైకొచ్చే చెక్క కొత్తగానే ఉంటుంది, చూడండి” అని తీసిన పలక ఆయన చేతికిచ్చాను. ఆయన తప్పేం లేదు. ఆయనకు తెలిసిన చెక్కకు అదే సరైన పద్ధతి.

ఆ తన్సు అదృష్టం కొద్దీ అసలు కిరి పలకలది. అన్నీ అలా ఉండవు. వేరే చెక్క మీద పల్చటి కిరి పొర అతికించినవి మార్కెట్లో చాలా ఉన్నాయి. సొరుగు లాగి ముందు పలక పై అంచు చూడండి. అంచు వెంట అతుకు గీత కనిపిస్తే అది పొర. దానికి లోతుగా చిత్రిక పట్టలేం, కాబట్టి దాని మీద పడిన నూనెను దాదాపు అలాగే వదిలేయాలి.

ఇప్పటికే పెట్టేశారా? టెన్షన్ పడకండి. పొడి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. సబ్బునీళ్లు, స్పిరిట్, ఎండ వద్దు. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన నిమ్మరసం చిట్కా అసలే వద్దు. అలా ఉంచేసి, బాగుచేసేవాళ్లకు చూపించండి. రోజూ దులపడానికి మెత్తటి పొడి గుడ్డ చాలు, తడిగుడ్డ కూడా అక్కర్లేదు.

ఇక మిగతావి.

ఒక సొరుగు మూస్తే ఇంకోటి ముందుకొస్తోంది, లూజైపోయిందని కంగారు పడతారు. నిజానికి సొరుగులు ఎంత బిగువుగా కుదిరాయో చెప్పే గుర్తు అది. లోపలి గాలి పోయే దారి లేక పక్క సొరుగును తోస్తోంది.

వానాకాలంలో సొరుగు బిగుసుకుంటే చెక్కించేయకండి. జూన్, జూలై తేమకు కిరి ఉబ్బుతుంది, చలికాలానికి మామూలైపోతుంది. ఇప్పుడు చెక్కిస్తే అప్పుడు సందు పడుతుంది.

కిరి కాలదన్నది సగం నిజం. తొందరగా అంటుకోదు, అంటుకున్నా పైన బొగ్గై లోపలికి నెమ్మదిగా పాకుతుంది. కానీ చెక్క చెక్కే. పాస్‌పోర్టులు దాంట్లో పెట్టి ధీమాగా ఉండకండి.

ఇనుప, ఇత్తడి పిడులను చింతపండుతో తోమకండి. కిరిలో టానిన్ ఉంటుంది, తడీ ఇనుమూ తగిలితే చెక్క మీద నల్ల మచ్చ పడుతుంది.

కెయాకి అనే గట్టి చెక్కతో చేసిన తన్సుల మీది ఉరుషి పూత మన ఏటికొప్పాక లక్క కాదు. అది పురుగులిచ్చే లక్క, ఇది చెట్టు పాలు, తేమలో గట్టిపడుతుంది. పచ్చి ఉరుషి జీడి రసంలాగే చర్మాన్ని పొక్కిస్తుంది, రెండూ ఒకే కుటుంబపు చెట్లు మరి. గట్టిపడిన పూతతో ఆ భయం ఉండదు. ఎండ మాత్రం తగలనీయకండి.

చివరిది పట్టుచీరల గురించి. కిరికి పురుగు పట్టదంటారు. తక్కువ పడుతుంది, అంతే. మందు పెట్టాల్సిందే. అయితే ఇంటినుంచి తెచ్చుకున్న నాఫ్తలీన్ ఉండలు, పూజ కర్పూరం, ఇక్కడి షాపుల్లో దొరికే పారాడైక్లోరోబెంజీన్ పొట్లాలు ఒకే సొరుగులో పెడుతున్నారు. ఇవి ఒకదానికొకటి కలిస్తే కరిగి చీర మీదా చెక్క మీదా మరకలవుతాయి. సొరుగుకు ఒకే రకం వాడండి. మార్చాలంటే పాతది తీసేసి, చీరలు నీడలో గాలికి ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే కొత్తది పెట్టండి.