ముడిచమురు దిగినా బంకులో రేటు ఎందుకు దిగదు?

బంకులో బైకు ఆపగానే కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అంటాడు. మనం "రెండొందలు కొట్టు" అంటాం. లీటర్లలో అడిగేవాళ్లు బాగా తగ్గిపోయారు. రేటు పెరిగినా మనం ఇచ్చేది ఆ రెండొందలే కాబట్టి అప్పటికప్పుడు తేడా తెలియదు. నాలుగు రోజులు రావాల్సిన పెట్రోల్ మూడో రోజుకే రిజర్వులో పడ్డప్పుడు తెలుస్తుంది.

ఒకప్పుడు ఇలా కాదు. సాయంత్రం వార్తల్లో "ఈ అర్ధరాత్రి నుంచి పెట్రోల్ ధర పెంపు" అనగానే బంకుల ముందు క్యూలు కట్టేవాళ్లు. మా నాన్న స్కూటర్ వెనక కూర్చుని ఆ లైన్లో గంటసేపు ఉండటం నాకిప్పటికీ గుర్తే. ఎవరు పెంచారో, ఎవరిని తిట్టాలో ఆ లైన్లో అందరికీ తెలుసు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రేటు రోజూ పొద్దున ఆరింటికి మారడం మొదలైంది. ఇవాళ ఇరవై పైసలు, రేపు ముప్ఫై పైసలు. క్యూలు పోయాయి, వాటితోపాటు నలుగురూ కలిసి అడగడమూ పోయింది.

ధర నిర్ణయం ప్రభుత్వం చేతిలో ఉండటం వెనక పెద్ద కథే ఉంది. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేయడంతో బ్యారెల్ (దాదాపు 159 లీటర్లు) మూడు డాలర్ల నుంచి కొన్ని నెలల్లోనే పన్నెండు డాలర్ల దాకా పోయింది. ఆ దశకంలోనే ఎస్సో, బర్మా షెల్, కాల్టెక్స్ వంటి విదేశీ కంపెనీలను మన ప్రభుత్వం తీసేసుకుంది. 1957లో విశాఖలో మొదలైన కాల్టెక్స్ రిఫైనరీ 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది అలాగే. ధర ప్రభుత్వమే నిర్ణయించేది, కంపెనీల లాభనష్టాలను ఆయిల్ పూల్ ఖాతాలో సర్దేది.

2002 ఏప్రిల్‌లో ఆ పద్ధతి ఎత్తేశామన్నారు కానీ పగ్గాలు వదల్లేదు. 2008 జూలైలో బ్యారెల్ 147 డాలర్లకు చేరినప్పుడు ఆ భారం పూర్తిగా జనం మీద వేయకుండా కంపెనీలకు నగదు బదులు ఆయిల్ బాండ్లు ఇచ్చారు. అంటే ప్రభుత్వం తర్వాత తీర్చాల్సిన అప్పు. పెట్రోల్‌పై నియంత్రణ 2010 జూన్‌లో, డీజిల్‌పై 2014 అక్టోబరులో తొలగింది. ఇకనుంచి మార్కెట్టే చూసుకుంటుంది, పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అన్నారు.

ఆ మాటకు మొదటి పరీక్ష వెంటనే వచ్చింది. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న ముడిచమురు 2016 జనవరికి ముప్ఫై కిందికి పడింది. మనం వాడే చమురులో నూటికి ఎనభైకి పైగా దిగుమతే కాబట్టి ఇది మన ఇంటికి రావాల్సిన అదృష్టం. ఢిల్లీలో లీటరు 71 రూపాయల నుంచి అరవై దగ్గరకు వచ్చి ఆగిపోయింది. మధ్యలో కేంద్రం తొమ్మిది విడతలుగా ఎక్సైజ్ సుంకం పెంచింది. లీటరుకు 9.48 రూపాయలున్నది 21.48 అయింది. రాష్ట్రాలూ ఊరుకోలేదు. 2015 మొదట్లోనే తెలంగాణ పెట్రోల్‌పై వ్యాట్‌ను 31 నుంచి 35.2 శాతానికి పెంచింది. ఆంధ్రప్రదేశ్ 31 శాతం మీద లీటరుకు నాలుగు రూపాయలు అదనంగా వేసింది, ఆ తర్వాత రోడ్ల పేరుతో ఇంకో రూపాయి. పెరిగినప్పుడు మనం కట్టాం, తగ్గినప్పుడు వాళ్లు ఉంచుకున్నారు. నా దృష్టిలో ఈ కథకంతటికీ ఇదే మూలం.

2020లో మళ్లీ అదే జరిగింది. లాక్‌డౌన్‌లో చమురు కొనే దిక్కు లేక ఏప్రిల్ 20న అమెరికా ఫ్యూచర్స్ (ముందుగా కుదుర్చుకునే ఒప్పందాల) ధర సున్నా కిందికి పోయింది. మార్చిలో మూడు, మేలో పది, మొత్తం పదమూడు రూపాయల సుంకం పెట్రోల్‌పై పడింది. 2021 జూన్‌లో హైదరాబాద్‌లో లీటరు వంద దాటింది. ఎందుకు తగ్గించరంటే పాత ఆయిల్ బాండ్లను చూపించారు. ఆ బాండ్ల అసలు మొత్తం దాదాపు 1.3 లక్షల కోట్లు. 2020-21 ఒక్క ఏడాదిలో పెట్రోల్, డీజిల్ ఎక్సైజ్ మీద వచ్చిందే 3.72 లక్షల కోట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఆ సాకు నిలబడదు.

2021 నవంబరులో ఐదు, 2022 మేలో ఎనిమిది రూపాయలు తగ్గించారు. లెక్క చూస్తే కరోనా ఏడాది వేసిన పదమూడే వెనక్కి వచ్చాయి. 2014 తర్వాత వేసింది చాలావరకు అలాగే ఉండిపోయింది. పైగా 2025 ఏప్రిల్‌లో చమురు కాస్త దిగగానే మళ్లీ రెండు రూపాయలు వేశారు. బంకులో రేటు మారలేదు కాబట్టి చాలామందికి ఆ సంగతే తెలియలేదు.

మరి తగ్గే దారి లేదా? ఎన్నికలప్పుడు కొద్దిగా ఉంది. అయిదు రాష్ట్రాల ఎన్నికల కోసం 2021 నవంబరు నుంచి 137 రోజులు రేటు కదల్లేదు. అవి అయ్యాక 2022 మార్చి 22 నుంచి రెండు వారాల్లో పది రూపాయలు పెరిగింది. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు రెండు రూపాయలు తగ్గించారు. హైదరాబాద్‌లో అది 2.25 అయింది, ఎందుకంటే వ్యాట్ శాతం లెక్కన పడుతుంది. పెరిగేటప్పుడూ ఆ శాతమే మన మీద అదనంగా పడుతుంది.

జీఎస్టీలోకి తెస్తే తగ్గుతుందంటారు. 2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం దీన్ని చర్చించి, ఇప్పుడు సమయం కాదని పక్కన పెట్టింది. రాష్ట్రాలకు తమ ఇష్టప్రకారం వేసుకోగలిగిన పన్నులు ఇంకా మిగిలినవి ఇంధనం, మద్యం లాంటివే. కేంద్రం వేసే సుంకంలో సెస్సులు, ప్రత్యేక అదనపు సుంకాలే ఎక్కువ, వాటిలో రాష్ట్రాలకు వాటా రాదు. అందుకే ముందు మీరు తగ్గించండని ఒకరినొకరు వేలెత్తి చూపించుకుంటారు. రూపాయి పడిపోవడం ఇంకో దెబ్బ. డాలర్ 60 ఉన్నప్పటి 80 డాలర్ల బ్యారెల్, డాలర్ 84 అయినప్పటి 80 డాలర్ల బ్యారెల్ ఒకటి కావు. లీటరు ముడిచమురు మొదటి లెక్కలో ముప్ఫై రూపాయలు, రెండో లెక్కలో నలభై రెండు.

పన్ను తగ్గితే ఏమవుతుందో చూడటానికి దూరం వెళ్లనక్కర్లేదు. యెదుర్లంక వంతెన దాటితే యానాం. ఆ ఊరు పుదుచ్చేరి కిందికి వస్తుంది, పుదుచ్చేరి పన్ను తక్కువ. అవే కంపెనీలు, అదే పెట్రోల్. 2022 తర్వాత చాలాకాలం అక్కడ లీటరుకు పది రూపాయలకు పైగా తేడా ఉంది. కాకినాడ వైపు నుంచీ కోనసీమ వైపు నుంచీ పని మీద వచ్చినవాళ్లు ఊరు దాటేముందు బంకులో ఆగుతారు. అక్కడ "రెండొందలు కొట్టు" అనరు, "ఫుల్ చెయ్యి" అంటారు.